పదకొండు ఇళ్లల్లో దాచిన బండి

కారును ఊడదీయడం ఎవరికైనా వస్తుంది, తిరిగి బిగించడమే పని అని మా ఆయన అనేవాడు. నేను ఆ మాట ఒప్పుకోను. ఊడదీసిన కారును పదకొండు ఇళ్లల్లో దాచి, నెలలు గడిచాక ఆ ఇళ్ల ఆడవాళ్ల దగ్గరినుంచి దాన్ని తిరిగి రాబట్టడమే అసలు పని. అది నేను చేశాను. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి కాబట్టి చాలా ఏళ్లు ఈ సంగతి నోటితోనే చెప్పాను. చెప్పిన ప్రతిసారీ మా ఇంట్లోవాళ్లు ఏదో ఒకటి దిద్దేవారు. ఇప్పుడు రాస్తున్నాను. దిద్దేవాళ్లు ఎవరూ పక్కన లేరు.

అప్పట్లో మేము రాంగోపాల్‌పేట్‌లో ఉండేవాళ్లం. ఇల్లు రెండు గదులే గాని వెనుక వాకిలి పెద్దది. అందులో నాలుగు రేకులు దించి మా ఆయన కార్ఖానా పెట్టుకున్నాడు. ఒక బల్ల, గోడకు వేలాడే పానాలు, ఒక కిరసనాయిలు డబ్బా, అంతే కార్ఖానా. మా అత్తకు అది గిట్టేది కాదు. నూనె చేతులతో మంచినీళ్ల కుండ ముట్టుకుంటాడని కొడుకును రోజూ తిట్టేది. తిట్టి, చేతులు కడుక్కోవడానికి కుంకుడురసం తానే చేసి పెట్టేది.

ఆ కార్ఖానాకు వచ్చే బండ్లలో డాక్టరమ్మ బండి ఒకటి. డాక్టరమ్మ గుంటూరు వైపు క్రైస్తవుల ఇంటి ఆడబిడ్డ. పెళ్లి చేసుకోలేదు. మిషన్ ఆసుపత్రిలో పనిచేస్తూ, వారానికి రెండు రోజులు యాప్రాల్ వెళ్లి అక్కడ చిన్న దవాఖానా నడిపేది. యాప్రాల్ అంటే అప్పుడు చేలు, గుండ్రాళ్లు, వాటి నడుమ కొన్ని ఇళ్లు. ఆమె బండి ముదురాకుపచ్చ రంగు విలాయతి కారు. దేశం విడిచిపోతూ ఒక దొరసాని ఇచ్చిపోయిందట. డాక్టరమ్మ దాన్ని తానే నడిపేది. కుచ్చిళ్లు ఎగదోపుకుని, బండి ముందు నిలబడి హ్యాండిల్ తిప్పి స్టార్టు చేస్తుంటే దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు. ఆమె వాళ్లను చూసేది కాదు.

పోలీస్ యాక్షన్‌కు ముందటి నెలలు మంచివి కావు. పెట్రోలు దొరకలేదు. నడిచే బండి కనిపిస్తే ఎవరో ఒకరు వచ్చి పట్టుకుపోయేవారు. తుపాకి పట్టుకుని వచ్చినవాడిని ఎందుకని ఎవరు అడుగుతారు? డాక్టరమ్మ వాళ్లన్న ఆమెను కొన్నాళ్లు గుంటూరు వచ్చేయమని కబురు పెట్టాడు. బండిని ఏం చేయాలని ఆమె మా ఆయనను అడిగింది.

"నడిచే బండినైతే పట్కపోతరమ్మా. ఊడదీసినదాన్ని ఎవడు మోస్తడు?" అన్నాడు మా ఆయన.

"మళ్ళీ అతకగలవా మేస్త్రీ?"

"ఒక్క నట్టు సుత పోదు. నాది జిమ్మా."

మూడు రోజుల్లో ఊడదీశాడు. ఇంజను దిమ్మతో ఉత్త పెట్టె మా వాకిట్లో మిగిలింది. అందులో మా అత్త కోళ్లను కమ్మింది. మిగతావన్నీ వాడలో పంచాం. కాగితం మీద ఏమీ రాయలేదు. రాసిన కాగితం దొరికితే పదకొండు ఇళ్లకూ ముప్పు. అదీగాక మా ఆయనకు రాత అంతంతమాత్రం, నాకు అసలు రాదు. ఏది ఎవరింట్లో ఉన్నదో గుర్తుంచుకోవడం నా వంతయింది. నేను నల్లా దగ్గర వరుసను పట్టుకున్నాను. మా వాడలో నీళ్లకు నిలబడే వరుస పెళ్లైనా చావైనా మారేది కాదు. మొదటి బిందె దర్జీ వాళ్లావిడది, ఆమె దగ్గర ఎడమ దీపం. రెండో బిందె కుమ్మరి వాళ్ల కోడలిది, ఆమె దగ్గర స్టీరింగు. అట్లా పది బిందెలు, పది ఇళ్లు. పదకొండోది బోయిన్‌పల్లిలో మా మేనమామ ఇల్లు, రెండు తలుపులు అక్కడ. పొద్దున్నే నీళ్లకు నిలబడితే బండి మొత్తం నా కళ్లముందు వరుసలో ఉండేది.

పెద్దవీ ముఖ్యమైనవీ టాంగా చాచాకు ఇచ్చాం, చివరి బిందె ఆయనది. ఆయన మా వాడ చివర గుర్రంతో కాపురం ఉండేవాడు. భార్య పోయి చాలా ఏళ్లైంది, ఎవరితో మాట్లాడినా గుర్రం సంగతే మాట్లాడేవాడు. ఆయన కొట్టంలో గడ్డి కింద నాలుగు చక్రాలు, హారను, మాగ్నెటో దాచాం. మాగ్నెటో అంటే ఇంజన్లో నిప్పురవ్వ పుట్టించే పెట్టె. అది లేకపోతే బండి లేదు. కార్బురేటర్ ఒక్కటి మా ఆయన ఎవరికీ ఇవ్వలేదు. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే ఇత్తడి డబ్బా అది, రెండు పిడికిళ్లంత ఉంటుంది. దాన్ని తానే శుభ్రం చేసి, నూనెగుడ్డలో చుట్టి, మా ఇంట్లో అటక మీద పెట్టాడు.

తరువాత ఆకాశంలో గాలిమోటర్లు తిరిగాయి, దుకాణాలు మూశారు, కొన్ని రోజులకే అంతా అయిపోయిందన్నారు. మాకు అయిపోయింది గాని ముసల్మాను అయిన చాచాకు భయం అప్పుడు మొదలైంది. అంతకుముందు మేము తలుపులు వేసుకుంటే ఆయన మాకు బయటి సంగతులు చెప్పేవాడు. ఇప్పుడు ఆయన తలుపులు వేసుకున్నాడు. పది పన్నెండు రోజులు టాంగా బయటికి రాలేదు. మా అత్త జొన్నరొట్టెలు చేసి నాచేత పంపింది, గుర్రానికి వేరే నానబెట్టిన శనగలు పంపింది. ఒకరోజు తానే వెళ్లి, కొట్టం ముందు నిలబడి, ఇంకా ఎన్ని రోజులు ఆడదానిలెక్క ఇంట్లో కూసుంటవని అడిగిందట. మర్నాడు టాంగా కట్టాడు.

ఆ ఏడు దసరా బాగా చేసుకున్నాం. అన్ని నెలలు భయపడ్డ తరువాత వచ్చిన మొదటి పండుగ. పానాలు, సుత్తులు, కత్తిపీట, విసుర్రాయి, అన్నీ కడిగి పసుపు కుంకుమ పెట్టి పూజ చేశాం.

దీపావళి దాటాక డాక్టరమ్మ తిరిగి వచ్చింది. వస్తూనే మా ఇంటికి వచ్చింది. చేతిలో ఒక ఉత్తరం. మిషన్ పెద్దలు రాసింది. పొద్దున యాప్రాల్ వెళ్లి రోగులను చూసి, మధ్యాహ్నం పన్నెండుకల్లా ఇక్కడి ఆసుపత్రిలో ఉండగలిగితేనే ఆ దవాఖానా ఉంటుందట. లేకపోతే దాన్ని మూసేసి ఆమెను కోస్తా ఆసుపత్రికి మారుస్తారట. క్రిస్మస్ వెళ్లాక సోమవారం నాడు వాళ్లు వచ్చి స్వయంగా చూస్తారు. టాంగా మీద పోయి రావడానికే పూట గడిచిపోతుంది. బండి ఉంటేనే ఆమె ఇక్కడ ఉంటుంది.

నాకప్పుడు మూడో నెల. అంతకుముందు మా అక్క కాన్పులోనే పోయింది, యాప్రాల్ అవతల ఊళ్లో, డాక్టరమ్మ ఇంకా ఇక్కడికి రాకముందు. అందుకని ఆ ఉత్తరం నాకే వచ్చినట్టు అనిపించింది.

"ఏది ఎవరింట్లో ఉందో రాసుకున్నారా?" అని అడిగింది డాక్టరమ్మ.

నేను నల్లా వరుస చెప్పాను, మొదటి బిందె నుంచి చివరి బిందె దాకా. ఆమె రాసుకుంది. రాయడం అయ్యాక కాగితం చూసి, నన్ను చూసి, కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది.

మర్నాటినుంచి నేను ఇళ్లవెంట పడ్డాను. వస్తువు ఒకచోట ఏడెనిమిది నెలలుంటే అది ఆ ఇంటిదే అయిపోతుంది. దర్జీ వాళ్లావిడ దీపంలో అటుకులు పోసుకుంది. పోస్తే పోసింది, అటుకులు అయిపోయేదాకా ఆగమన్నది. కుమ్మరి వాళ్ల కోడలు స్టీరింగును దూలానికి కట్టి దానికి ఉయ్యాల వేసింది. పిల్ల నిద్ర లేచేదాకా కూర్చుని తెచ్చుకున్నాను. బోయిన్‌పల్లిలో మా మేనమామ ఒక తలుపును మేకలదొడ్డికి బిగించాడు. మేకలు రంగు నాకాయి, కొమ్ములు రాశాయి. డాక్టరమ్మ కూర్చునే వైపు తలుపు మీద ఆ గీతలు చివరిదాకా ఉండిపోయాయి. ఎక్కడ చూసినా వస్తువుకు పసుపు కుంకుమ ఉన్నాయి. దసరాకు ఎవరి ఇంట్లో ఏ ఇనుము ఉంటే దానికి పెట్టుకున్నారు. మా ఆయన ఒక్కొక్కటి కిరసనాయిలుతో కడుగుతూ, ఇనుముకు పసుపు పెట్టమని ఎవడు చెప్పిండని విసుక్కున్నాడు. నేను పక్కనే కూర్చుని గుడ్డతో తుడుస్తున్నాను. అప్పుడైనా నాకు గుర్తు రావలసింది. రాలేదు.

వెనుక సీటు ఒక్కటి రాలేదు. అది ఎనిమిదో బిందె ముసలామె దగ్గర ఉంది. ఆమె దాని మీదే పడుకుంటున్నది.

"నా నడుముకు గిదొక్కటే పడ్డది పిల్లా. నేను పోయినంక తీస్కపో" అన్నది.

ఎప్పుడు పోతావని అడగలేను కదా. వదిలేసి వచ్చాను.

బిగించడం షురూ అయింది. ముందు కోళ్లను ఖాళీ చేయించాలి. గుడ్లు పెట్టే కోడిని లేపితే పాపమని మా అత్త అడ్డుపడింది, రెండు రోజులు ఆ పని ఆగింది. తలుపుల చట్రం విలాయతి కట్టె, కాని చెదలకు ఆ మర్యాద తెలియదు, సగం తినేశాయి. పాత మంచంకోళ్లు కోసి అతుకులు వేశాం. పైకప్పు గుడ్డ చినిగిపోతే మిలిటరీ డేరా గుడ్డ తెచ్చి దర్జీ వాళ్లావిడే కుట్టింది, అటుకుల దీపానికి బదులుగా. ఇంజనును చల్లార్చే నీళ్లుండే రేడియేటరుకు సన్నటి చిల్లు కనిపించింది. మా ఆయన దాంట్లో గుప్పెడు పసుపు పోశాడు. నీళ్లు కాగితే పసుపు పోయి చిల్లులో అంటుకుంటుంది, కారడం ఆగుతుంది. అది పాత మేస్త్రీల పద్ధతి. ఇనుముకు పసుపెందుకన్నవాడివి నువ్వే కదా అని నేనంటే, ఇది పూజ కాదు మందు అన్నాడు.

ఇంజన్లో తెరుచుకుని మూసుకునే వాల్వులు గూటికి అతుక్కునేలా అరగదీయడం నాకు అప్పగించాడు. ఒక కట్టె కొనకు రబ్బరు గిన్నె ఉంటుంది. వాల్వుకు ఇసుకముద్ద రాసి, గూట్లో పెట్టి, ఆ గిన్నె దాని మీద అదిమి, కట్టెను రెండు అరచేతుల మధ్య కవ్వంలా తిప్పాలి. ఆయన ఒకదానికి పూటంతా తీసుకున్నాడు. నేను అదే పూటలో మూడు చేశాను. చల్ల చిలికిన చేయి కదా. మిగిలినవి కూడా నేనే చేశాను. ఇంజను మూత మళ్లీ ఎప్పుడు తెరిచినా, ఇవి మా ఇంటిదాని వాల్వులు అని చూపించేవాడు. నాతో మాత్రం ఎన్నడూ అనలేదు.

క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు అంతా బిగింపు అయింది. హ్యాండిల్ తిప్పాడు. ఇంజను ఒకసారి దగ్గి ఊరుకుంది. మళ్లీ తిప్పాడు. రోజంతా తిప్పాడు. మర్నాడూ అంతే. ప్లగ్గులు, వైర్లు మళ్లీ విప్పి చూశాడు. చివరికి, మాగ్నెటో చెడిపోయింది, చాచా కొట్టంలో గుర్రం ఉచ్చ తగిలి చెమ్మ పట్టింది అని తేల్చాడు. తేల్చి ఊరుకుంటే బాగుండేది. నేరుగా చాచా దగ్గరికి పోయి వాడందరూ వింటుండగా అన్నాడు.

చాచాకు అంతకన్నా పెద్ద మాట లేదు. తనను అన్నా పడేవాడు గాని గుర్రాన్ని అన్నాడు.

"నా గుర్రం నీ డబ్బా మీద తోక సుత పెట్టలే. దానికి నీకన్న తమీజ్ ఉన్నది, మర్యాద ఉన్నది" అన్నాడు.

మా ఆయన తగ్గలేదు. బండి నడిస్తే ఇప్పుడు నీ టాంగాకు డాక్టరమ్మ ఇచ్చే కిరాయి పోతుందని నీకు లోపల ఉన్నది అని కూడా అనేశాడు. చాచా వెనుదిరిగాడు. కొట్టంలోకి పోయి తలుపు వేసుకున్నాడు. భయపడ్డ రోజుల తరువాత ఆ తలుపు పగలు మూయడం అదే మొదటిసారి. మా అత్త ఆ పూట కొడుకుకు అన్నం పెట్టలేదు. ఆకలైతే మాగ్నెటో తిను అన్నది.

క్రిస్మస్ వెళ్లింది. డాక్టరమ్మ మాకు కేకు తెచ్చి ఇచ్చి, బండి వైపు చూడకుండా వెళ్లిపోయింది. ఆమె ట్రంకు పెట్టె సర్దుకుంటున్నదని ఆసుపత్రి ఆయా చెప్పింది.

ఆదివారం పొద్దున మా ఆయన మాగ్నెటోను ఆరోసారి విప్పాడు. పొడిగా ఉంది. నిప్పురవ్వ బ్రహ్మాండంగా వస్తున్నది. మరి పెట్రోలు సరిగా పోతున్నదా అని నేను అడిగాను. కార్బురేటర్ విప్పి చూశావా అన్నాను.

"అది మనింట్ల ఉన్నది. మనింట్ల ఉన్నదానికేమైతది?" అన్నాడు.

ఆయన పట్టించుకోకపోతే నేనే దాని అడుగు గిన్నె విప్పి, అందులోని పెట్రోలును తెల్లగుడ్డ మీద వంచాను. గుడ్డ మీద చిన్న చిన్న పచ్చని రేణువులు మిగిలాయి. వేలితో నలిపితే వేలు పచ్చబడింది. వాసన చూడనక్కరలేదు.

దసరా నాడు అటక దులుపుతుంటే నూనెగుడ్డ మూట కనిపించింది నాకే. ఇత్తడి వస్తువు, అంత మురికిగా పండుగ పూట ఎట్లా ఉంచుతాను? చింతపండుతో తోమాను, చెంబులా మెరిసింది. పసుపు నీళ్లలో ముంచి తీశాను, ఐదు వేళ్లతో పసుపు రాశాను, కుంకుమ పెట్టాను, అగరొత్తి చూపించాను. మర్నాడు పైపైన తుడిచి మళ్లీ మూటగట్టాను. పనివాడి ఇల్లు కదా, ఆ ఇంట్లో అన్నిటికన్నా విలువైన పనిముట్టు అదేనని పది పానాలకు పెట్టినంత పసుపు దానికొక్కదానికే పెట్టాను. మా ఆయన మూట విప్పి, మెరుస్తున్నది చూసి, తాను ఎంత బాగా దాచాడో అని మురిసి బిగించేశాడు.

చెప్పాలా వద్దా అని ఆలోచించలేదని అనను. ఆలోచించాను. గుడ్డ ఉతికేసి ఊరుకుంటే ఆ తప్పు చాచా గుర్రం మీదే ఉండిపోయేది. మరునాడే సోమవారం. మా అత్తను, మా ఆయనను పిలిచి గుడ్డ చూపించాను.

మా అత్త గుడ్డను చూసింది, నన్ను చూసింది. "ఎంత పెట్టినవే" అన్నది.

"చానా పెట్టిన" అన్నాను.

మా ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. చాచాను అన్న మాటలన్నీ ఆయనకు ఒక్కసారిగా వెనక్కి వచ్చినట్టున్నాయి. పీట లాక్కుని కూర్చున్నాడు. తరువాత కార్బురేటర్ మొత్తం విప్పాడు. లోపల జెట్టు అనే చిన్న ఇత్తడి మరమేకు ఉంటుంది. దాని నడుమ సూదిమొన కూడా దూరని బెజ్జం, పెట్రోలు అందులోంచే రావాలి. అది పసుపుతో గట్టిగా మూసుకుపోయింది. నోటితో ఊదాడు, కిరసనాయిల్లో నానబెట్టాడు. రాలేదు. తీగ పెట్టి పొడవమన్నాను. తీగ పెడితే ఇత్తడి అరిగి బెజ్జం పెద్దదవుతుంది, ఆ తరువాత బండి పెట్రోలు తాగుతుందే గాని నడవదు అన్నాడు. మెత్తగా ఉండి గట్టిగా నిలబడేది ఒక్కటే ఉంది.

"గుర్రం తోక ఎంటిక" అన్నాడు, నేల చూస్తూ.

నవ్వకూడదని మా అత్త పైట నోట్లో కుక్కుకుంది.

ఎవరు వెళ్లాలన్న మాటే లేదు. ఆయనే వెళ్లాడు. నేను వెంట వెళ్లాను, తప్పు నాది కాబట్టి. చాచా గుర్రానికి మాలీషు చేస్తున్నాడు, మా వైపు తిరగలేదు. మా ఆయన గడప దగ్గరే ఆగాడు. నేనే జరిగింది జరిగినట్టు చెప్పాను, పసుపు సంగతి, చింతపండు సంగతి, అగరొత్తి సంగతి కూడా. అగరొత్తి దగ్గరికి వచ్చేసరికి చాచా భుజాలు కదలడం కనిపించింది. నవ్వుతున్నాడో లేదో వెనుకనుంచి తెలియలేదు.

"నాకు చెప్పకు బేటీ. మీ ఆయనను దానికి చెప్పుమను. మాట పడ్డది అది" అన్నాడు.

మా ఆయన గుర్రం ముందు నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు.

"తప్పయింది. మాఫ్ చెయ్యి" అన్నాడు గుర్రంతో.

గుర్రం ముక్కు చీదింది. చాచా దాని మెడ మీద చేయి వేసి విన్నట్టు నటించాడు.

"మాఫ్ చేసిందట. గాని నాలుగే ఇస్తదట" అన్నాడు. నాలుగు తోకవెంట్రుకలు తానే పీకి, ఉత్త అగ్గిపెట్టెలో చుట్టపెట్టి నా చేతిలో పెట్టాడు. మా ఆయన భుజం తట్టి, "డాక్టరమ్మ కిరాయి లేకుంటె నా గుర్రం ఉపాసముంటదా తమ్మీ" అన్నాడు. కిరాయి మాట చాచాను ఎంత పొడిచిందో అప్పుడు తెలిసింది.

రెండో వెంట్రుకకు జెట్టు తెరుచుకుంది. ఎండకు ఎత్తి చూస్తే సన్నగా వెలుగు కనిపించింది. బిగించి హ్యాండిల్ తిప్పితే మూడో తిప్పుకు ఇంజను అందుకుంది. వాకిట్లో కోళ్లన్నీ గోడ ఎక్కాయి. మా అత్త రెండు చెవులూ మూసుకుని, ఆపకురా, ఆపకురా అంటున్నది.

సోమవారం పొద్దున డాక్టరమ్మ నడిపింది. పక్కన మా ఆయన పానాల సంచితో. వెనుక సీటు లేదు కాబట్టి నేను వంటింటి పీట వేసుకుని కూర్చున్నాను, ఒళ్లో అగ్గిపెట్టె, అందులో మిగిలిన రెండు వెంట్రుకలు. మూడో నెల దాటినదానివి, కుదుపులకు నువ్వెందుకని డాక్టరమ్మ అన్నది. పసుపు పెట్టింది నేనే కాబట్టి చూసేదీ నేనేనన్నాను. అయితే నెమ్మదిగా నడుపుతానన్నది, నడపలేదు. యాప్రాల్‌లో రోగులు చాలామందే ఉన్నారు. తిరిగి వచ్చేటప్పుడు బజారుకు పోయే కూరగాయల ఎడ్లబండ్ల వెనుక చిక్కుకున్నాం. డాక్టరమ్మ హారను మోగించింది. అది గడ్డి కింద ఉండి ఉండి బొంగురుపోయింది, గేదె అరిచినట్టు అరిచింది. ఎద్దులే పక్కకు తప్పుకున్నాయి. ఆసుపత్రి గేటులోకి తిరిగేసరికి పన్నెండుకు ఇంకా కొంచెం ఉంది. మిషన్ పెద్దలు వరండాలో నిలబడి ఉన్నారు. ఒకాయన గడియారం తీసి చూసుకున్నాడు. తరువాత వెనుక పీట మీద కూర్చున్న నన్ను చూసి, ఈవిడ రోగియా అని అడిగాడు.

"కాదండీ, మెకానిక్కు" అన్నది డాక్టరమ్మ.

దవాఖానా నిలిచింది, ఆమె నిలిచింది. ఎండాకాలం చివర్లో నాకు నొప్పులు మొదలైతే డాక్టరమ్మ ఆ బండిలోనే వచ్చి కాన్పు చేసింది. ఆడపిల్ల. ఎనిమిదో బిందె ముసలామె తానే సీటు తెచ్చి బండిలో పెట్టించింది, పచ్చిబాలింత పీట మీద తిరుగుతుందా అని. వారం తరువాత మళ్లీ అడిగి తీసుకుపోయింది, అది వేరే సంగతి.

ఆ ఏడు దసరాకు డాక్టరమ్మ బండి తెచ్చి మా వాకిలి ముందు ఆపింది. పూజలూ అవీ ఆమెకు లేవు. మా అత్త పళ్లెం పట్టుకుని నిలబడితే కాదనలేకపోయింది. పైన ఎంతైనా పెట్టుకోండి, మూత మాత్రం తెరవద్దన్నది. నేను పిల్లను ఎత్తుకుని దూరంగా నిలబడ్డాను, పసుపు గిన్నె ముట్టనివ్వలేదు నన్ను.

మా అత్త పళ్లెంతో బండి దాటుకుని ముందుకు పోయింది. వాడ చివర టాంగా కట్టి ఉంది. చాచాను అడిగి, గుర్రం నుదుటికి మొదటి బొట్టు పెట్టింది. అందరం చూస్తుంటే వెనక్కి తిరిగి, "తోక ఇచ్చింది ఇదే గదా" అన్నది.